ఛాతిమంట – చికిత్సా మార్గములు

(రజతోత్సవ సభయందు చేయబడిన ప్రసంగ పాఠము)



పండుగ వంటి ఇట్టి సభలో రోగమును గూర్చిన ప్రసంగమేల అని కొందరికి తోచవచ్చును. గ్రంథాలయమునకును ఆరోగ్య విజ్ఞానమునకును తెలుగునాట గల చుట్టరికము నేటిది కాదు. 1906వ సంవత్సరమున హైదరాబాదులో నెలకొన్న విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి దేశచరిత్రములతోపాటు ప్రకృతి శాస్త్రములపై గూడ తెలుగున గ్రంథములు వెలువరించినది. ఆంగ్లము నేర్వనివానికి శాస్త్రము అందరాదన్న నియమమును ఆనాటి పెద్దలు అంగీకరింపలేదు. వారు వేసిన బాటలోనిదే నేటి విషయము: ఛాతిలో మంట, పుల్లని త్రేన్పులు, వాని చికిత్స.

చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతములలో ఏ మందుల దుకాణము ముందర గడియసేపు నిలిచినను ఒక మాట చెవిని పడక మానదు: “అన్నా, గ్యాసు గోలీలు రెండియ్యి.” అడుగువాడు తన బాధ ఎట్టిదో చెప్పడు. ఇచ్చువాడు అడుగడు. కొద్ది చిల్లర చేతులు మారును. ఆ గోలి పేరు ఒమెప్రజోల్ కావచ్చును, పాంటొప్రజోల్ కావచ్చును, రాబెప్రజోల్ కావచ్చును. కొందరు దానిని నెలల తరబడి, మరికొందరు సంవత్సరముల తరబడి మ్రింగుచున్నారు. అది ఏమి చేయునో, దానికి ముందు చేయవలసినదేమో, ఎప్పుడు ఆపవలెనో, ఎప్పుడు దానిని నమ్మి కూర్చుండరాదో మ్రింగువారిలో ఎందరికి తెలియును? మందు ఊరి కూడలివరకు వచ్చినది. దాని వాడుక మాత్రము ఇంకను దారిలోనే యున్నది.

మొదట శరీరములోని సంగతి. గొంతునుండి జఠరమువరకు అన్నమును కొనిపోవు గొట్టమునకు అన్నవాహిక యని పేరు. పెద్దవారిలో దాని పొడవు సుమారు 25 సెంటీమీటర్లు, అనగా జానెడుకు కొంచెము మిక్కిలి. దాని అడుగు భాగమున ఉంగరము వంటి కండర మొకటి కలదు. మ్రింగిన ముద్ద వచ్చినప్పుడు అది తెరచుకొనును. ముద్ద దిగగానే మూసికొనును. జఠరము దినమునకు లీటరున్నరనుండి రెండు లీటర్లవరకు రసమును ఊరించును. అందు హైడ్రోక్లోరిక్ ఆమ్లము కలదని 1824లో ఇంగ్లండు దేశపు వైద్యుడు విలియం ప్రౌట్ ప్రకటించెను. కడుపులో అంత ఘాటైన ఆమ్లముండునా యని ఆనాడు పలువురు సందేహించిరి.

ఆ సందేహము తీరుటకు తోడ్పడినవాడు ఒక నిరుపేద కూలివాడు. 1822లో అమెరికాలోని మాకినాక్ దీవియందు అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అను యువకుని కడుపులో తుపాకి గుండు దూరినది. సైనిక వైద్యుడు విలియం బోమాంట్ అతనిని బ్రదికించెను గాని కడుపున పడిన రంధ్రము పూడలేదు. ఆ కిటికీగుండ బోమాంట్ మాంసపు ముక్కలను పట్టుదారమునకు కట్టి జఠరములోనికి దింపి, కొంతసేపటికి పైకిలాగి, ఎంత జీర్ణమైనదో చూచెడివాడు. ఆ పరిశీలనములను 1833లో గ్రంథముగా అచ్చువేసెను. లోకమునకు జీర్ణక్రియా జ్ఞానము లభించినది. ఆ కూలివానికి దక్కినది స్వల్పము. వైద్యచరిత్రలో ఇట్టి ఋణములు పెక్కులు కలవు.

జఠరమునకు ఆమ్లమును తాళుకొను జిగురుపొర యున్నది. అన్నవాహికకు అట్టి కవచము లేదు. అడుగునున్న కండరపు ఉంగరము అకాలమున వదులైనప్పుడు ఆమ్లము పైకి ఎగదన్నును. రొమ్ము ఎముక వెనుక మంట, నోటిలోనికి పుల్లని నీరు, రాత్రివేళ దగ్గు, తెల్లవారి గొంతు బొంగురు, ఇవన్నియు దాని ఫలములే. అప్పుడప్పుడు విందు తిన్న రాత్రి ఇట్లగుట సహజము. వారమునకు రెండు పర్యాయములకు మించి వచ్చుచున్నను, నిద్రను చెరుపుచున్నను దానిని వ్యాధిగా నెంచి చికిత్స చేయవలెను.

ఇందులో వాయువు చేయునది కొద్దియే. త్రేన్పుగా వచ్చునది మ్రింగిన గాలి. క్రిందికి పోవునది ప్రేవులలో పదార్థములు పులిసి పుట్టినది. మంట పెట్టునది ఆమ్లము. అయినను జనులు అన్నింటిని కలిపి ‘గ్యాసు’ అనిరి. ఈ పేరు వలన కలిగిన నష్టము చిన్నది కాదు. గుండెకు రక్తము తగ్గి వచ్చు నొప్పియు రొమ్ము నడుమనే పుట్టును. ఆ నొప్పి బరువు పెట్టినట్లుండి, ఎడమ చేతికో, దవుడకో, వీపునకో ప్రాకును, చెమటలు పట్టును, ఆయాసము వచ్చును, నడచినచో హెచ్చును. ఒక్కొక్కప్పుడు, ముఖ్యముగా స్త్రీలలోను మధుమేహము గలవారిలోను, వట్టి మంటగానే, వాంతిగానే కనబడును. అట్టివాడు “గ్యాసు పట్టినది” అని గోలి వేసికొని, సోడా త్రాగి, మంచముపై పడుకొని గడపిన గంట మరల రాదు. నలువది ఏండ్లు దాటినవానికిగాని, పొగత్రాగువానికిగాని, రక్తపోటు, మధుమేహము గలవానికిగాని క్రొత్తగా ఇట్టి నొప్పి వచ్చినచో మొదట చేయవలసినది 108కు ఫోను. గుండె పరీక్షలో దోషము లేదని తేలిన పిమ్మట కడుపు సంగతి చూడవచ్చును.

ఈ బాధ ప్రాచీనులకు తెలియనిది కాదు. కాశ్యప సంహిత యందును, దాని తరువాత మాధవకరుని మాధవ నిదానము నందును ఆమ్లపిత్తమునకు ప్రత్యేకాధ్యాయము కలదు. మాధవకరుడు దానిని ఊర్ధ్వగము, అధోగము అని విభజించెను. పుల్లని త్రేన్పులు, గుండెయందును కంఠమునందును దాహము, అన్నద్వేషము అని అతడు వ్రాసిన లక్షణములు నేటి రోగి చెప్పు మాటలకు మిక్కిలి దగ్గరగా నున్నవి. కాశ్యపుడు ఈ వ్యాధి నీటి ప్రదేశములలో అధికమనియు, ఔషధములకు లొంగనిచో దేశాంతరము పోవలెననియు చెప్పెను. చేవెళ్ల రైతు విన్నచో నవ్వును; మెట్టనేలపై పుట్టిన అతడు ఇంతకంటె పొడి దేశమును ఎచ్చట వెదకును? ఇప్పటికిని వైద్యులు ఇచ్చు అవిపత్తికర చూర్ణమును గూర్చి రెండు సంగతులు తెలిసియుండుట మంచిది. అందు విరేచనకారియగు తెగడ యున్నది. చూర్ణములో సగపాలు చక్కెర. మధుమేహము గలవారు వైద్యుని అడుగకుండ దానిని వాడరాదు.

ఇక నేటి చికిత్స. వైద్యగ్రంథములన్నియు మొదటి మెట్టుగా చెప్పునవి అలవాట్ల మార్పులు. వీనిని వైద్యుడు అరనిమిషములో చెప్పును, రోగి అంతకంటె శీఘ్రముగా మరచును. కారణము కలదు. పట్టణపు ఉద్యోగికొరకు వ్రాసిన సలహా రైతు దినచర్యకు అతుకదు. “రాత్రి భోజనమునకును నిద్రకును మూడు గంటల ఎడముండవలెను” అందురు. బంతి, చామంతి పెంచువాడు సాయంకాలము పూలు కోసి, మూటలు కట్టి, పదింటికి అన్నము తిని, వెంటనే నడుము వాల్చి, తెల్లవారకముందే గుడిమల్కాపూరు పూల మార్కెట్టుకు బయలుదేరవలెను. టమాటా, క్యారెట్టు, ఆకుకూరలు పండించువాని గతియు ఇంతే. అతనికి మూడు గంటల ఎడము ఎక్కడిది? అట్టివానికి చెప్పవలసినది వేరు: పెద్ద భోజనమును మధ్యాహ్నమునకు మార్చుట, కోతకు పోకమునుపే సాయంకాలము రొట్టె తినుట, పడుకొనబోవునప్పుడు ఆకలియైనచో కొంచెము మజ్జిగ అన్నముతో సరిపెట్టుకొనుట. కడుపు నిండియుండి మేను వాల్చుటయే ఈ వ్యాధికి ప్రధాన మిత్రము.

కలుపు తీయు స్త్రీల విషయము ఇంకొక తీరు. చద్ది తిని వెంటనే చేనిలో దిగి గంటలకొలది వంగియుందురు. నడుమునకు కొంగు బిగించి కట్టుదురు. వంగినప్పుడు పొట్టలోని ఒత్తిడి పెరిగి ఆమ్లము పైకి నెట్టబడును. “వంగితే నోట్లకు పుల్లటి నీళ్లొస్తయి” అని చెప్పు స్త్రీకి గోలి ఇచ్చి పంపుట సులభము. తిన్న తరువాత కొంతసేపు నిలుచుండి చేయు పనులు చేసికొని ఆపై కలుపులో దిగుమనుట, కొంగు వదులుగా కట్టుమనుట, వీలున్నచోట వంగుటకు బదులు కూర్చుండి కలుపు తీయుమనుట ఖర్చులేని చికిత్స. కూలికి పోవు స్త్రీకి ఆ కొద్దిసేపు దొరకుట చేనుగలవాని చేతిలో నున్నది. ఈ సభలో చేనుగలవారును కలరు.

మంచపు తలాపి ఎత్తు చేయుట అన్నింటిలో చౌకయైన ఉపాయము. రాత్రి మంటతో లేచువారు మంచము తలవైపు కోళ్ల క్రింద రెండేసి ఇటుకలు పెట్టవలెను. ఆరు అంగుళముల ఎత్తు వచ్చును. నీరు పల్లమెరుగును గదా, ఆమ్లమును అంతే. కొందరు ఇటుకలకు బదులు రెండు మూడు దిండ్లు పెట్టుకొందురు. దానివలన తల మాత్రము లేచును, నడుమువద్ద దేహము ముడిచికొని పొట్టపై ఒత్తిడి పెరుగును. ఒరిగిన నులకమంచములో ఈ దోషము మరింత. ఎడమ ప్రక్కకు తిరిగి పడుకొనుట మేలు. అట్లు పడుకొన్నప్పుడు జఠరములోని రసము అన్నవాహిక ద్వారమునకు క్రిందుగా నిలుచును. కుడి ప్రక్కకు తిరిగినచో పైకి వచ్చును. ఈ సంగతి పరీక్షలతో తేలినది.

పొట్ట పెరిగినవారు బరువు తగ్గించుకొన్నచో మంట తగ్గుట నిశ్చయము. ఏ ఇతర అలవాటుకంటెను దీనికి సాక్ష్యము బలమైనది. బీడీ, సిగరెట్టు మానవలెను. సారాయముగాని కల్లుగాని ద్వారమును వదులు చేయును. “ఈతకల్లు చలువ” అను మాట ఇచ్చట పనికిరాదు. నూనెలో వేయించినవి జఠరమునందు చాలసేపు నిలుచును గనుక పండుగనాటి గారెలు, సకినాలు రాత్రివేళ తగ్గింపవలెను. చాయ్ విషయమున పండితులు ఏకాభిప్రాయమునకు రాలేదు. కొందరికి పడదు, కొందరికి ఏమియు చేయదు.

కారముపై నింద మాత్రము అతిగా మోపబడినది. ఛాతిమంట అనగానే తొక్కు, పచ్చిపులుసు, మిరపకాయ అన్నియు మాన్పించి రోగిని పథ్యపు చారునకు అప్పగించుట పెద్ద ఇండ్లలో చూచుచునే యున్నాము అని వైద్యులు నవ్వుచుందురు. కారము మండుచున్న పొరపై పడి మంటను పెంచవచ్చును. వ్యాధికి మూలము అది కాదు. పదిదినములు ఒక కాగితముపై ఏమి తిన్నది, ఎప్పుడు మండినది వ్రాసికొన్నచో ఎవనికి ఏది పడదో వానికే తెలియును. పడనిదానిని మానవలెను, పడినదానిని తినవలెను. జొన్నరొట్టెతో తొక్కు తిని హాయిగా నిద్రించువానికి తొక్కు మానుమని చెప్పుటకు శాస్త్రాధారము లేదు.

ఇంటి మందులలో సోడా ఉప్పు నీళ్లు క్షణములో మంటను చల్లార్చును. ఆమ్లమును విరచుట నిజమే. అందు సోడియము మెండు. రక్తపోటు, గుండెజబ్బు, మూత్రపిండముల జబ్బు గలవారికి హాని. నిత్యము త్రాగుట ఎవరికిని తగదు. గోలీసోడా కడుపును ఉబ్బించి ద్వారముపై ఒత్తిడి పెట్టును. త్రేన్పు వచ్చి సుఖమనిపించును గాని ఆ త్రేన్పుతోనే ఆమ్లము పైకి వచ్చును. చల్లని పాలు కొంతసేపు హాయినిచ్చును, అంతకుమించి ఆశింపరాదు. మందుల దుకాణములో దొరకు గులాబిరంగు ద్రవములలో సాధారణముగా అల్యూమినియము, మెగ్నీషియము క్షారములుండును. ఇవి ఎప్పుడో ఒకనాటి మంటకు చాలును. సముద్రపు నాచునుండి తీసిన ఆల్జినేటు కలిసిన ద్రవము జఠరములోని ఆహారముపై తెట్టువలె తేలి ఆమ్లమును అడ్డును, భోజనానంతరము తీసికొనవలెను. గర్భిణులకు ఏడెనిమిది మాసములలో వచ్చు మంటకు వైద్యులు తరచు దీనిని సూచింతురు.

మందుల చరిత్రలో పెద్ద మలుపు 1976లో వచ్చినది. ఆమ్లము ఊరుమని జఠరకణములకు హిస్టమిను అను పదార్థము ఆజ్ఞ ఇచ్చుననియు, ఆ ఆజ్ఞ చేరు తలుపును మూసినచో ఆమ్లము తగ్గుననియు బ్రిటిషు శాస్త్రజ్ఞుడు జేమ్స్ బ్లాక్ ఊహించి సిమెటిడిన్ అను మందును సాధించెను. 1988లో ఆయనకు నోబెలు బహుమానము లభించినది. 1981లో వచ్చిన రానిటిడిన్ ప్రపంచమంతట వ్యాపించినది. తరువాత దానిలో నిలువయుండగా ఎన్‌డీఎంఏ అను హానికర పదార్థము పుట్టుచున్నదని 2019లో బయటపడగా, 2020లో అమెరికా ప్రభుత్వము దానిని అంగళ్లనుండి తొలగించినది. అదే వర్గములోని ఫామోటిడిన్ నేటికిని నిలిచియున్నది. స్వల్పమైన మంటకు, రాత్రిపూట బాధకు అది చక్కని మందు; దినదినము వాడినచో కొన్ని వారములలో దాని పస తగ్గును.

దానికంటె బలవత్తరమైనది ఒమెప్రజోల్. స్వీడనులో కనుగొనబడి 1988లో అంగడికి వచ్చినది. ఇది ఆజ్ఞను అడ్డదు; ఆమ్లమును పోయు పంపునే పట్టి బిగించును. ఈ మందు చేవెళ్ల కూడలివరకు వచ్చిన కథలో హైదరాబాదునకు ముఖ్యపాత్ర కలదు. 1970 నాటి భారత పేటెంటు చట్టము మందుపై హక్కును గుర్తింపక, తయారుచేయు పద్ధతిపైననే హక్కు నిచ్చెను. ఎవరైనను వేరొక పద్ధతిన అదే మందును చేయవచ్చును. ఆ అవకాశమును అందిపుచ్చుకొన్నవారిలో గుంటూరు జిల్లా తాడేపల్లి వాస్తవ్యుడు, పసుపు రైతు కుమారుడు, కల్లం అంజిరెడ్డి ఒకరు. ఐడీపీఎల్ ప్రభుత్వ కర్మాగారమున పనిచేసి, 1984లో హైదరాబాదున డాక్టర్ రెడ్డీస్ లేబరేటరీస్ స్థాపించెను. 1990వ దశకపు తొలి సంవత్సరములలో ఆ సంస్థ ‘ఒమెజ్’ అను పేర ఒమెప్రజోలును, అప్పటి ఇతర కంపెనీల ధరలో సగమునకు విడుదల చేసెను. 2005లో చట్టము మారి మందులపై పూర్తి హక్కులు వచ్చునాటికి ఈ మాత్రలు పేదవాని అందుబాటులోనికి వచ్చియుండెను. అంజిరెడ్డి 2013లో పరమపదించెను. కడుపు పుండ్లతో రక్తము కక్కి కత్తికోతకు పోవు రోగులు నేడు అరుదగుటకు ఈ వర్గపు మందులును, పుండ్లకు మూలమైన హెలికోబాక్టర్ అను సూక్ష్మజీవిని కనుగొనుటయు ముఖ్య కారణములు. కనుక గ్యాసు గోలిని నిందించుట ఈ ప్రసంగ ఉద్దేశము కాదు. అది ఉత్తమమైన మందు. ఉత్తమమైన మందునకే క్రమము కావలెను.

క్రమమేమి? పంపులు ఆహారము వచ్చినప్పుడే పనిలోనికి దిగును. పనిచేయుచున్న పంపునే ఈ మందు పట్టగలదు. మందు మొదట ప్రేవులలో కరిగి, రక్తములో కలిసి, జఠరకణమును చేరవలెను. అందుచేత ఉదయమున ఏమియు తినకమునుపు, ఫలాహారమునకు అరగంటనుండి గంట ముందు, నీళ్లతో మ్రింగవలెను; నమలరాదు, పొడి చేయరాదు. అన్నము తిన్నపిదప వేసికొన్న మాత్రలో సగము ఫలము వృథా. మొదటి దినమున పూర్తి గుణము కనబడదు. మూడు నాలుగు దినములు పట్టును. పెండ్లి విందునకు పోవుచు జేబులో ఒక గోలి వేసికొనువారికి ఆ ఒక్క గోలి వలన కలుగు మేలు స్వల్పము. ఆనాటికి గులాబిరంగు ద్రవమే నయము.

ప్రమాదకర చిహ్నములు లేనివారికి దినమునకొక మాత్ర చొప్పున ఎనిమిది వారములు ఇచ్చి, మంట తగ్గినచో ఆపి చూడుమని వైద్య సంఘముల నియమము. ఆపుటయందే చిక్కున్నది. 2009లో డెన్మార్కు వైద్యులు ఏ కడుపు జబ్బును లేని 120 మంది ఆరోగ్యవంతులను రెండు భాగములు చేసి, ఒక భాగమునకు ఎనిమిది వారములు ఈ వర్గపు మందును, రెండవదానికి ఉత్తుత్తి మాత్రను ఇచ్చిరి. మందు ఆపిన తరువాతి వారములలో మందు తిన్నవారిలో నూటికి 44 మందికి మంట, పుల్లని త్రేన్పులు కలిగినవి. ఉత్తుత్తి మాత్ర తిన్నవారిలో 15 మందికే. అనగా వ్యాధి లేనివానికి గూడ మందు ఆపుటవలన మంట పుట్టినది! చాలకాలము అణగియున్న జఠరకణములు కట్టు తెగగానే ఎక్కువ ఆమ్లమును పోయుటయే ఇందులకు కారణము. ఈ సంగతి తెలియనివాడు ఏమి చేయును? ఆపిన నాలుగవనాడు మంట రాగానే “నాకు గోలి లేనిదే గడువదు” అని తలచి మరల దుకాణమునకు పోవును. ఆ పోవుట సంవత్సరములు సాగును. తెలిసినవాడు కొన్ని వారములు ఓర్చుకొనును. దినము విడిచి దినము వేసికొనుచు, నడుమ మంట వచ్చినప్పుడు ఫామోటిడిన్ గాని ద్రవము గాని వాడుచు, మంచము క్రింద ఇటుకలు తీయక, మెల్లగా మానును.

మానరానివారును కలరు. అన్నవాహికలో లోతైన పుండ్లు పడినవారు, దాని పొర మారి బారెట్ వ్యాధియని చెప్పబడినవారు, కడుపు పుండునుండి రక్తము పోయినవారు, గుండెకొరకు ఆస్పిరిన్ వంటి మందులు తినుచు పుండు పడు అవకాశము గలవారు వైద్యుడు చెప్పినంతకాలము వాడవలెను. ఈ ప్రసంగము విని అట్టివారు మాత్ర మానినచో మేలునకు బదులు కీడు జరుగును.

నొప్పుల గోలీల మాట ఇచ్చటనే చెప్పవలెను. నడుము నొప్పి, మోకాళ్ల నొప్పికి కూలిజనము డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ వంటివి దినదినము వేసికొందురు. అవి జఠరపు పొరను గాయపరచును. దానివలన మంట రాగా గ్యాసు గోలి. ఒక గోలి చేసిన గాయమునకు రెండవ గోలి కాపలా! నొప్పి గోలి తగ్గించుటయే అట్టివానికి మొదటి చికిత్స.

దీర్ఘకాలపు వాడుక వలన మూత్రపిండములు చెడుననియు, ఎముకలు విరుగుననియు, మతి తప్పుననియు వార్తలు వ్యాపించినవి. భయపెట్టుట సులభము, తూచి చెప్పుట కష్టము. 2019లో ప్రకటింపబడిన ఒక పెద్ద పరీక్షలో 17,598 మందిని సుమారు మూడేండ్లు గమనింపగా, పాంటొప్రజోల్ తిన్నవారిలో ప్రేవుల అంటురోగములు మాత్రము కొంచెము హెచ్చినవి. తక్కిన అపాయములు నిర్ధారణ కాలేదు. పెక్కు సంవత్సరములు వాడినవారిలో బి12 విటమిను, మెగ్నీషియము తగ్గుట కలదు గనుక శాకాహారులగు వృద్ధులు రక్తపరీక్ష చేయించుకొనుట మంచిది. అక్కరయున్నవాడు భయపడి మానరాదు; అక్కర లేనివాడు అలవాటుగా తినరాదు.

క్రమముగా వాడినను తగ్గనివారికి ఎండోస్కోపీ పరీక్ష కావలెను. దీపముగల సన్నని గొట్టమును నోటిగుండ పంపి అన్నవాహికను చూచుట ఇది. నొప్పి స్వల్పము, వ్యవధి కొద్ది నిమిషములు. మంట గలవారిలో సగమునకు పైగా ఈ పరీక్షలో పుండు కనబడదు. అంతమాత్రమున వారి బాధ కల్ల కాదు. ఒక దినమంతయు ముక్కుగుండ సన్నని తీగ నుంచి ఆమ్లము ఎన్నిమార్లు పైకి వచ్చుచున్నదో కొలుచు పరీక్షయు కలదు. మొయినాబాదు మండలము ఎన్కేపల్లిలో ఒకటి, చేవెళ్లలో ఒకటి వైద్య కళాశాలలు వచ్చినవి. హైదరాబాదున ఉస్మానియా ఆసుపత్రి ఉండనే యున్నది. గచ్చిబౌలిలో డాక్టరు డి. నాగేశ్వరరెడ్డి స్థాపించిన ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీకి దూరదేశములనుండి రోగులు వచ్చుచున్నారు. పూలబండి పోవు దారికి అవి దగ్గరనే యున్నవి.

శస్త్రచికిత్స చివరి మెట్టు. జర్మనీలో పుట్టి, నాజీలవలన దేశము విడిచిన రుడాల్ఫ్ నిస్సెన్ అను శస్త్రవైద్యుడు 1955లో స్విట్జర్లండులోని బాజెల్ నగరమున, జఠరపు పైభాగమును అన్నవాహిక అడుగు చుట్టును కండువావలె చుట్టి కుట్టు పద్ధతిని ఆరంభించెను. 1948లో ఐన్‌స్టీనునకు కడుపులోని రక్తనాళపు ఉబ్బుపై శస్త్రచికిత్స చేసినది ఈయనయే. 1991నుండి ఈ చుట్టుకుట్టును చిన్న రంధ్రములగుండ చేయుచున్నారు. ద్వారము పెద్దగా జారిన హెర్నియా గలవారికి, నోటిలోనికి ఆహారము తన్నుకొని వచ్చువారికి, జీవితాంతము మాత్రలు తినుట ఇష్టములేని యువకులకు ఇది తగును. కుట్టు బిగిసినచో త్రేన్పు రాక పొట్ట ఉబ్బును. మ్రింగుట కొన్నాళ్లు కష్టమగును. కొందరికి కొన్నేండ్ల తరువాత మరల మాత్రలు వలసివచ్చును. మాత్రలవలన కొంచెమైనను గుణము కనబడనివానికి కత్తి వలనను కనబడుట అరుదు; వాని బాధకు మూలము ఆమ్లము కాకపోవచ్చును. చేయించుకొనదలచినవాడు అట్టి కుట్లు పెక్కు చేసిన చేతికే తన కడుపును అప్పగింపవలెను. 2015నుండి జపానులో వోనోప్రజాన్ అను క్రొత్త మందు వాడుకలోనున్నది. అన్నముతో నిమిత్తము లేకుండ, మొదటి దినమునుండియే అది పనిచేయును. లోతైన పుండ్లు గలవారికి దానివలన మేలు. వట్టి మంటకు పాత మందే చాలును.

ఇక దుకాణమునకు పోక తిన్నగా వైద్యుని కడకు పోవలసిన గుర్తులు. మ్రింగిన ముద్ద రొమ్ములో అడ్డుపడుట, మొదట రొట్టె, తరువాత అన్నము, తరువాత గంజి గూడ దిగకపోవుట. ప్రయత్నింపకయే బరువు తగ్గుట. రక్తము లేక పాలిపోవుట. రక్తపు వాంతి, కాఫీపొడి వంటి వాంతి. అరువది ఏండ్లు సమీపించిన వయసున తొలిసారిగా మంట పుట్టుట. గోలి ఈ గుర్తులను కొన్ని నెలలు కప్పిపుచ్చగలదు. లోపల పెరుగునది కంతియైనచో ఆ నెలలే విలువైనవి. తారువలె నల్లగా, జిగటగా, దుర్గంధముతో మలము వచ్చుటయు కడుపులో రక్తము పోవుటకు గుర్తు. ఐరన్ మాత్రలు తినువారికి మలము నల్లబడుట సహజము గనుక, గర్భిణులును, రక్తహీనతకు మందు తినువారును ఆ సంగతిని వైద్యునితో ముందుగనే చెప్పవలెను; మలము జిగటగా నుండి, కన్నులు తిరుగుచున్నచో ఐరన్ మాత్రలవలననే యని ఊరకుండక ఆ రాత్రియే ఆసుపత్రికి పోవలెను.